కుర్ర ఆటగాళ్ళకు వైకుంఠపాళి

ఫుట్‌బాల్ చూసేవారికి ‘ప్రమోషన్’, ‘రెలిగేషన్’ అనే మాటలు కొత్త కావు. చూడని మిత్రుల కోసం రెండు ముక్కల్లో చెప్తాను. ఒక దేశంలోనో, ఒక పట్నంలోనో ఉన్న జట్లన్నిటినీ మెట్లు మెట్లుగా పేరుస్తారు. పై మెట్టు మొదటి డివిజన్, దాని కింద రెండవది, ఆ కింద మూడవది. సంవత్సరాంతంలో కింది మెట్టు మీద బాగా ఆడిన ఒకటి రెండు జట్లు పైకి ఎక్కుతాయి. పై మెట్టు మీద అట్టడుగున మిగిలినవి కిందికి దిగుతాయి. మా జహీరాబాద్ వైపు మాటలో చెప్పాలంటే ఎక్కుడు–దిగుడు. ఇంగ్లండులో 1898 నుంచి ఇది ఆనవాయితీగా నడుస్తున్నది. లెస్టర్ సిటీ అనే జట్టు 2014లో రెండవ డివిజన్ నుంచి పైకి వచ్చి 2016లో ఆ దేశానికే చాంపియన్ అయింది. కిందివాడికి ఆశ, పైవాడికి భయం. ఈ రెండూ ఉండబట్టే అట్టడుగు జట్ల మ్యాచ్‌లకు కూడా అక్కడ జనం విరగబడతారు.

పెద్దవాళ్ళ విషయంలో నాకు ఏ పేచీ లేదు. జీతం తీసుకుని ఆడేవాడు ఓడితే దిగాలి, గెలిస్తే ఎక్కాలి. నా ప్రశ్న వేరు. పదమూడు మొదలు పద్దెనిమిది ఏళ్ళ లోపు పిల్లల పోటీల్లో, అందునా రేపు పెద్ద ఆటగాళ్ళు అవుతారని ఏరి కూర్చిన పిల్లల పోటీల్లో, ఈ ఎక్కుడు–దిగుడు ఉండవచ్చునా? ఉంటే వాళ్ళ ఆట పెరుగుతుందా, తరుగుతుందా? బి.ఎస్సీ. చివరి సంవత్సరం చదువుతున్నవాణ్ణి కనుక కాస్త లెక్కతోనూ, చెల్క దున్నే ఇంట్లో పుట్టినవాణ్ణి కనుక కాస్త సేద్యం చూపుతోనూ ఈ సంగతి పరిశీలిస్తాను.

ముందుగా ఒక పోలిక. ఒక తరగతిలో నలభైమంది ఉన్నారు. సంవత్సరాంతంలో ఆ తరగతి సగటు మార్కులు పక్క స్కూలు తరగతి కంటె తక్కువ వచ్చాయి. అందుకని నలభైమందినీ, నూటికి తొంభై వచ్చినవాడితో సహా, కింది తరగతికి దింపారనుకోండి. తల్లిదండ్రులు స్కూలు తలుపులు పగలగొట్టరా? ఒక్కొక్క పిల్లవాణ్ణి ఫెయిల్ చేయడం మంచిదా కాదా అన్నదాని మీదనే మన దేశంలో ఇంత వాదం నడిచింది. 2009 విద్యాహక్కు చట్టం ఎనిమిదవ తరగతి దాకా ఫెయిల్ చేయవద్దన్నది. 2019లో సవరించి, అయిదులోను ఎనిమిదిలోను ఆపవచ్చునని రాష్ట్రాలకు వదిలిపెట్టారు. చదువులో ఒక్కడిని ఆపడానికే ఇంత తర్జనభర్జన అయితే, ఆటలో పద్దెనిమిది మందిని ఒక్క తాటికి కట్టి దింపుతుంటే ఎవరూ మాట్లాడరు.

ఇది నాకు పుస్తకాల్లో పుట్టిన సందేహం కాదు. మా తమ్ముడికి పద్నాలుగేళ్ళు. మనిషి పొట్టి, కాలు చురుకు. పట్నంలో మా మేనమామ ఇంట్లో ఉండి ఒక అకాడమీకి పోతున్నాడు, పేరు ఎందుకులెండి. వాళ్ళు ఆడే పోటీలో ఎనిమిది జట్లు, ఒక్కొక్కరికి ఏడు మ్యాచ్‌లు, చివర మిగిలిన జట్టు కింది మెట్టుకు దిగాలి. ఆ ఏడు మ్యాచ్‌లలో మావాడు మైదానంలో ఉన్నది మొత్తం పంతొమ్మిది నిమిషాలు. మా నాయిన అడగబోతే అక్కడి కోచ్, “మీవాడి కాలు మంచిదే పెద్దాయనా, కాని ఈ సంవత్సరం గండం గడవనీయండి” అన్నాడట. గండం గడిచింది. ఎట్లా గడిచిందంటే, గోలీ బంతిని ఆకాశంలోకి కొట్టుడు, ముందున్న ఇద్దరు పొడుగోళ్ళు తలతో నెట్టుడు. మధ్యలో ఉన్నవాళ్ళు మెడలెత్తి చూసుడు. పాస్ ఇవ్వడం నేర్చినవాడు లేడు, పాస్ తీసుకోవడం నేర్చినవాడు లేడు. జట్టు మాత్రం మెట్టు మీద నిలిచింది. నేను ఆ కోచ్‌ను తప్పుపట్టను. జట్టు దిగితే వచ్చే ఏడు పిల్లలు చేరరు, పిల్లలు చేరకపోతే అతనికి జీతం రాదు. ఆ కుర్చీలో ఎవరు కూర్చున్నా పొడుగోళ్ళనే దించుతారు.

ఇక లెక్క. ఎనిమిది జట్లూ అచ్చంగా సమానమే అనుకుందాం. ఏ మ్యాచ్ చూసినా బొమ్మా బొరుసే, డ్రా లేదు. అప్పుడు ఒక జట్టు ఏడు మ్యాచ్‌లలో రెండు గాని అంతకు తక్కువ గాని గెలిచే అవకాశం 128లో 29, అంటే నూటికి దాదాపు 23. ఏ తక్కువా లేని జట్టు కూడా నాలుగేళ్ళకొకసారి దగ్గర దగ్గర ఇంత దీనంగా కనబడుతుందన్నమాట. పైగా ఎనిమిదీ సమానమే అయినా ఒకటి చివర రాకతప్పదు. ఆ దౌర్భాగ్యం ప్రతి ఏడూ ఎనిమిదింట ఒక వంతు. పదమూడో ఏట చేరి నాలుగేళ్ళు ఆడే పిల్లవాడి జట్టు ఒక్కసారైనా దిగిపోయే అవకాశం, ఏడును ఎనిమిదితో భాగించి నాలుగుసార్లు హెచ్చవేసి ఒకటిలో నుంచి తీసివేస్తే, నూటికి 41 పైన. కేవలం అదృష్టం మీద! నిజానికి జట్లు సమానంగా ఉండవు, అది ఒప్పుకుంటాను. కాని ఇంత చిన్న పట్టికలో ఏది ప్రతిభో ఏది గాలివాటమో విడదీయడం ఏ గణిత శాస్త్రజ్ఞుడి తరమూ కాదు. వైకుంఠపాళిలో గవ్వలు పడ్డదాన్ని బట్టి కాయ నిచ్చెన ఎక్కుతుంది, పాము నోట పడుతుంది. కాయకు అందులో నేర్చుకునేదేమీ లేదు.

సేద్యం తెలిసినవారికి ఇంకో సంగతి తట్టాలి. మా చెల్కలో జొన్న సాళ్ళ మధ్య కంది వేస్తాం. జూన్‌లో రెంటినీ ఒక్కరోజే విత్తుతాం. మొదటి రెండు నెలలు కంది ఎదుగూ బొదుగూ లేకుండా, జొన్న నీడన మొహం దాచుకుని ఉంటుంది. ఆ పాటికి జొన్న మనిషెత్తు దాటుతుంది. దసరాకు అటూ ఇటూగా జొన్న కోసేశాక చూడాలి కంది సంగతి! కొమ్మలు విచ్చి, పూత పట్టి, డిసెంబరు, జనవరి నాటికి ఇంటికి పప్పు వస్తుంది. ఆగస్టులో ఎవరైనా స్కేలు పట్టుకుని చేలోకి వచ్చి, పొట్టివన్నీ పనికిరానివని పీకేస్తే వాణ్ణి ఏమంటాం?

మగపిల్లల ఎదుగుదల కూడా అట్లాంటిదే. ఎత్తు జోరుగా పెరిగే కాలం సగటున పద్నాలుగో ఏట వస్తుంది. కాని కొందరికి పన్నెండుకే వస్తుంది, కొందరికి పదహారుకు గాని రాదు. కాగితం మీద ఒకే వయసున్న ఇద్దరి ఎముకల వయసు చూస్తే నాలుగేళ్ళ తేడా కూడా ఉండవచ్చు. దానికి తోడు పుట్టిన నెల. వయసు గుంపుకు జనవరి ఒకటి సరిహద్దు అయితే జనవరిలో పుట్టినవాడు డిసెంబరులో పుట్టినవాడికంటె దాదాపు ఏడాది పెద్ద. కెనడాలో ఐస్ హాకీ ఆటగాళ్ళ పుట్టిన నెలలు పరిశీలించి, సంవత్సరం మొదటి నెలలవాళ్ళే జట్లలో ఎక్కువగా ఉన్నారని 1985లోనే బార్న్‌స్లీ అనే మనస్తత్వ శాస్త్రవేత్త చూపించాడు. ఆ తరువాత ఫుట్‌బాల్‌లోనూ అనేక దేశాల్లో అదే తేలింది. (మన ఊళ్ళలో ఈ పరిశీలన చేయబోతే శాస్త్రవేత్త బిత్తరపోతాడు. బడిలో చేర్చేటప్పుడు సారు రాసిన తేదీయే పుట్టిన తేదీ. మా పెదనాయిన కొడుకులు ముగ్గురూ జూన్‌లోనే పుట్టారు.)

నవ్వులాట కాదు, దీనిలో ఒక చెడుగు కూడా ఉంది. జట్టు దిగిపోతుందన్న భయం ఉన్నచోట పదిహేడేళ్ళవాణ్ణి పదిహేనేళ్ళవాడిగా దించాలన్న ఆశ పుడుతుంది. వయసు దాచడం మన దేశపు ఆటలకు పాత జబ్బు. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య పిల్లల మణికట్టు ఎక్స్‌రే తీసి ఎముకల వయసు లెక్కగట్టే పరీక్ష పెట్టవలసి వచ్చిందంటే ఊరికే కాదు.

పొట్టివాడని పంపించివేసిన వారిలో జేమీ వార్డీ ఒకడు. షెఫీల్డ్ వెన్స్‌డే క్లబ్బు అతన్ని పదహారో ఏట వదులుకున్నది. ఫ్యాక్టరీలో పని చేసుకుంటూ చిన్న చితక జట్లకు ఆడి, ఇరవై అయిదు దాటాక లెస్టర్ చేరి, నేను పైన చెప్పిన ఆ 2016 చాంపియన్ జట్టులో గోల్స్ మీద గోల్స్ కొట్టాడు. అతనికి దారి దొరికింది. దారి దొరకని వార్డీలు ఎందరో మనకు తెలిసే అవకాశమే లేదు. పీకేసిన మొక్క దిగుబడి ఎవరు కొలుస్తారు?

ఇప్పుడు విదేశాల సంగతి. ఎక్కుడు–దిగుడుకు పుట్టిల్లయిన ఇంగ్లండే కుర్రవాళ్ళ విషయంలో రెండు మనసులతో ఉన్నది. అక్కడ పెద్ద క్లబ్బుల యువజట్లకు ‘ప్రీమియర్ లీగ్ 2’ అని 2016లో పెట్టారు. రెండు డివిజన్లు, పైకి రెండు, కిందికి రెండు. ఏడేళ్ళు నడిపి, 2023–24 నుంచి ఆ రెండు డివిజన్లను కలిపివేసి, ఎక్కుడు–దిగుడు తీసేసి, ఇరవై ఆరు జట్ల ఒకే లీగ్ చేశారు. జర్మనీవాళ్ళు ఇంకా తెగించారు. పంతొమ్మిదేళ్ళ లోపు, పదిహేడేళ్ళ లోపు వాళ్ళకు అక్కడ ఏళ్ళ తరబడి బుందెస్‌లిగా పేరుతోనే పోటీలుండేవి. అట్టడుగు జట్లు దిగిపోయేవి. 2024–25 నుంచి వాటిని రద్దు చేసి కొత్త యువ లీగ్ పెట్టారు. గుర్తింపు ఉన్న శిక్షణ కేంద్రాల జట్లు ఇందులో దిగిపోవు. కోచ్‌లు భయంతో కాకుండా ధైర్యంతో పిల్లల్ని ఆడించాలన్నదే వాళ్ళ ఉద్దేశం.

అదే జర్మనీలో పదకొండేళ్ళ లోపు పిల్లలకు పెట్టిన ఏర్పాటు నాకు మరీ నచ్చింది. పెద్ద మైదానాన్ని చిన్న చిన్న గళ్ళుగా గీస్తారు. ఇద్దరిద్దరో ముగ్గురు ముగ్గురో ఒక్కొక్క గడిలో కొన్ని నిమిషాలు ఆడతారు. గెలిచిన జట్టు పక్కన పై గడికి జరుగుతుంది, ఓడినది కింది గడికి జరుగుతుంది. మళ్ళీ ఆట. పూట గడిచేసరికి ఎవడికి సరిజోడు వాడికి దొరుకుతాడు. సంవత్సరాంతపు పట్టిక లేదు. చూశారా, ఇదీ ఎక్కుడు–దిగుడే! కాని పది నిమిషాలకొకసారి జరిగేది. దిగినవాడు మళ్ళీ ఎక్కడానికి సంవత్సరం ఆగనక్కరలేదు. అందుచేత నేను ఎక్కుడు–దిగుడునే తిట్టడం లేదు. సరిజోడుతో ఆడకపోతే ఎవరూ ఎదగరు, పది గోల్స్‌తో గెలిచినవాడూ ఏమీ నేర్వడు, పది గోల్స్ తిన్నవాడూ ఏమీ నేర్వడు. ఆ సరిజోడు కోసం మెట్లు అవసరమే. ఆ మెట్టు మీద పిల్లవాడి ఏడాది భవిష్యత్తునూ కోచ్ అన్నం ముద్దనూ తాకట్టు పెట్టడమే నాకు గిట్టనిది.

జర్మనీ దాకా పోనక్కరలేదు. మన హైదరాబాద్‌లో ఉస్మానియాలో చదివి, చాదర్‌ఘాట్ హైస్కూల్ వంటి బడుల్లో పాఠాలు చెప్పిన ఒక పంతులుగారు ఈ సంగతి మనకు ముందే ఆచరించి చూపించారు. ఆయన సయ్యద్ అబ్దుల్ రహీం. 2024లో వచ్చిన ‘మైదాన్’ హిందీ సినిమా తరువాత ఆయన పేరు మళ్ళీ నలుగురి నోట పడింది గాని, ఆయన శిక్షణ పద్ధతి గురించి మాట్లాడేవారు తక్కువ. ఆయన కుర్రవాళ్ళకు డ్రిబ్లింగ్ నిషిద్ధమని టోర్నమెంట్లు పెట్టేవారు. బంతి వస్తే అట్టిపెట్టుకోకుండా వెంటనే పాస్ చేయాలి. మరికొన్ని పోటీల్లో ఎవడికి ఏ కాలు బలహీనమో ఆ కాలితోనే ఆడాలి. కుడికాలి వాటంవాడు ఎడమకాలితో తన్నాలి. ఈ పోటీలో నిన్నటి పొడుగోడి మహిమ ఏముంటుంది? నియమం మారగానే గెలుపుకు కావలసిన గుణం మారింది. గెలవాలన్న పంతం అట్లాగే ఉంది. ఆ పంతమే పిల్లవాడికి కొత్త విద్య నేర్పింది. గెలుపు, నేర్పు ఒకదానికొకటి పగ అని అనుకునేవారికి ఇంతకంటె సమాధానం నాకు తెలియదు.

ఫలితం చూడండి. ఆయన తీర్చిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బొంబాయి రోవర్స్ కప్‌ను 1950 నుంచి 1954 వరకు వరుసగా అయిదేళ్ళు గెలిచింది. ఆయన శిక్షణలో భారత జట్టు 1951లో ఢిల్లీలోనూ, 1962లో జకార్తాలోనూ ఆసియా క్రీడల స్వర్ణం తెచ్చింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానం. ఆ మెల్బోర్న్ జట్టులో అమ్ముగూడ బలరాం ఉన్నాడు, నూర్ మహమ్మద్ ఉన్నాడు, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్ ఉన్నారు, అందరూ మన జంటనగరాల మట్టిలో ఆడినవాళ్ళే. రహీం సాబ్ 1963 జూన్ 11న కన్నుమూశారు. ఆ తరువాత కూడా మహమ్మద్ హబీబ్ వచ్చాడు, షబ్బీర్ అలీ వచ్చాడు. 1974లో బ్యాంకాక్‌లో ఇరాన్‌తో కలిసి ఆసియా యువ చాంపియన్‌షిప్ పంచుకున్న మన జట్టుకు షబ్బీరే నాయకుడు. పాత నారుమడి కొంతకాలం నారు ఇచ్చింది. తరువాత ఎండింది.

ఇక ఎదుటి పక్షం వాదన కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. మెట్లు తీసేస్తే తలుపులు మూసుకుంటాయి. పై లీగ్‌లో ఎవరుండాలో ఆట నిర్ణయించకపోతే డబ్బు నిర్ణయిస్తుంది. ఇంగ్లండులో 2012 నుంచి అకాడమీలకు తనిఖీ చేసి తరగతులు ఇస్తున్నారు. ఎన్ని మైదానాలు, ఎందరు కోచ్‌లు, ఎంత ఖర్చు అన్నదాని మీద మెట్టు తేలుతుంది. పేద క్లబ్బు పెంచిన పిల్లవాణ్ణి పెద్ద క్లబ్బు కొద్దిపాటి పరిహారానికి ఎత్తుకుపోతుంటే విసిగి, బ్రెంట్‌ఫోర్డ్ క్లబ్బు 2016లో తన అకాడమీనే మూసివేసింది. మన దేశంలో 2014లో మొదలైన ఇండియన్ సూపర్ లీగ్‌లో చాలాకాలం కిందినుంచి ఎక్కే దారే లేదు. ఐ–లీగ్ గెలిచి ఎక్కిన మొదటి జట్టు 2023లో పంజాబ్, తరువాత 2024లో కోల్‌కతా మహమ్మదన్ స్పోర్టింగ్. ఆ రెండేళ్ళూ ఐ–లీగ్‌లో రెండవ స్థానంలో నిలిచి గడప దగ్గరే ఆగినది మన శ్రీనిధి దక్కన్.

దిగుడు లేనంత మాత్రాన అంతా శుభమే అనుకోవడానికి కూడా వీల్లేదు. దానికి సాక్ష్యం మన హైదరాబాద్ ఎఫ్.సి. 2019లో పుట్టింది, 2022 మార్చిలో గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి చాంపియన్ అయింది. మా హాస్టల్లో కొందరికి ఇప్పటికీ ఆ పసుపు జెర్సీలున్నాయి. తరువాత ఆర్థిక ఇబ్బందులు ముసిరి, 2023–24లో విదేశీ ఆటగాళ్ళు వెళ్ళిపోతే కుర్రాళ్ళతోనే బండి లాగింది. ఇరవై రెండు మ్యాచ్‌లలో ఒక్క గెలుపు. అట్టడుగు. దిగుడు లేదు కనుక ఆ కుర్రాళ్ళకు పెద్ద మ్యాచ్‌ల అనుభవం దొరికింది, అంతవరకు మంచిదే. కాని అది ఒక పథకం ప్రకారం జరిగినది కాదు, గతిలేక జరిగినది. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలి పేరు కూడా మార్చుకున్నది. మైదానంలో ఓడి దిగిపోతే మళ్ళీ ఎక్కవచ్చు. ఊరే విడిచిపోయిన జట్టు ఏ మెట్టు ఎక్కి వస్తుంది?

అందుచేత నా అభిప్రాయం ఇది. పదహారేళ్ళ లోపు జట్లకు దిగుడు వద్దు; ఎక్కడానికి మాత్రం దారి ఉండాలి, జట్టుకే కాదు, విడి పిల్లవాడికి కూడా. కింది మెట్టు మీద ఆడే జహీరాబాద్ పిల్లవాణ్ణి ఏడాదికి రెండుసార్లు పై మెట్టువాళ్ళతో ఆడించి చూడాలి. ప్రతి పిల్లవాడికి ప్రతి మ్యాచ్‌లో సగం కాలం తప్పనిసరి అని నియమం రాయాలి; రాస్తే మా తమ్ముడి కోచ్‌కు కూడా ఊపిరి ఆడుతుంది, ఎందుకంటే ఎదుటి కోచ్‌కూ అదే నియమం. పదిహేడు దాటాక ఎక్కుడు–దిగుడు పెట్టండి, పెద్దల ఆటకు వెళ్ళబోయేవాడికి ఆ వేడి తగలాలి. ఈ పదిహేడనే అంకె ఎక్కడిదంటే, ఆ వయసుకు ఆలస్యంగా ఎదిగేవాళ్ళు కూడా చాలావరకు ఎదిగి ఉంటారు. జొన్న కోత అయిపోయి ఉంటుందన్నమాట.

విద్యార్థి సంఘానికి ఒక విన్నపం కూడా ఉంది. వేసవి సెలవుల్లో చుట్టుపక్కల బడుల పిల్లలకు మన మైదానంలో ఎడమకాలి పోటీ ఒకటి పెడదాం. ఎడమ వాటంవాళ్ళకు కుడికాలు. కప్పు లేదు, పట్టిక లేదు. మైదానాన్ని ఆరు గళ్ళు చేస్తే ఒకేసారి పన్నెండు చిన్న జట్లు ఆడవచ్చు, పదేసి నిమిషాలు, గెలిచినవారు కుడి పక్క గడికి, ఓడినవారు ఎడమ పక్క గడికి. ఎండ ముదరకముందే, పొద్దున ఆరు నుంచి తొమ్మిది వరకు. కావలసినవి నాలుగో నంబరు బంతులు ఆరు, రెండు బస్తాల సున్నం, గోల్ పోస్టులకు బదులు ఇటుకలు, తాగడానికి నీళ్ళు. ఇటుకలు మా ట్రాక్టర్లో నేను తెస్తాను. మైదానం అనుమతి కోసం ప్రిన్సిపాల్ గారికి అర్జీ రాసి లైబ్రరీ నోటీసు బోర్డు పక్కన పెట్టాను. ముప్ఫై సంతకాలు కావాలి, ఈ వ్యాసం ఇచ్చేనాటికి పదకొండు అయినవి.